డెబ్బై ఎనిమిదో కిలోమీటరు

ఎనిమిది ఖర్జూరాలు. సాయంత్రం లెక్కపెట్టి మరీ స్టీలు డబ్బాలో వేసి, మూత బిగించి, ఫ్రిజ్ పై అరలో పెరుగు గిన్నె వెనకాల దాచాను. తెల్లారి ఐదింటికి మూత తీస్తే మూడే ఉన్నాయి.

ఇంట్లో అనుమానితులు ముగ్గురు. విచారణ అవసరం లేకుండానే ముగ్గురూ ఒప్పేసుకున్నారు. మా అత్తగారు రెండు తిన్నారు, నోరు చేదుగా ఉందట. పద్నాలుగేళ్ళ మా అమ్మాయి ఒకటి తింది, చదువుకుంటుంటే ఆకలేసిందట. ఆయన రెండు తిన్నారు, కనబడ్డాయట.

"అవి నా సైకిల్ కోసం దాచుకున్నానండీ."

"సైకిల్ ఖర్జూరాలు తింటుందా?" అన్నారాయన. తన జోకుకి తనే నవ్వుకుని, నా మొహం చూసి ఆపేశారు. "ఇంట్లో ఉన్నవి ఇంట్లోవాళ్ళు తినకపోతే పక్కింటివాళ్ళు తింటారా? ఇంకో పొట్లం కొనుక్కో. నేనేమైనా వద్దన్నానా?"

వద్దనలేదు. ఆ మాట నిజమే. మా ఇంట్లో నన్నెవరూ దేనికీ వద్దనరు. ఇంట్లో పని చూసుకుని ఎక్కడికైనా వెళ్ళు అంటారు. ఇంట్లో పని ఎప్పుడు అయిపోతుందో ఎవరూ చెప్పరు. ఆ రోజు నేను మూడు ఖర్జూరాలతో అరవై కిలోమీటర్లు తొక్కాలని బయల్దేరి, నలభై దగ్గర కళ్ళు తిరిగి వెనక్కి వచ్చేశాను. ఊళ్ళో సైకిలు తొక్కేవాళ్ళంతా కలిసి వెళ్ళే అసలు ప్రయాణానికి అప్పటికింకా మూడు వారాలున్నాయి. లైట్‌హౌస్ దాకా యాభై, తిరిగి యాభై. మొత్తం వంద కిలోమీటర్లు, ఏడు గంటల్లో పూర్తి చెయ్యాలి. నా హ్యాండిల్‌కి కట్టాల్సిన నంబరు నలభై ఒకటి.

సైకిల్ నాది కాదు, అమ్మాయిది. అది పొడవు పెరిగి తొక్కడం మానేస్తే గోడకి ఆనించి ఉండేది. మా వీధిలోంచి వెళ్ళే బస్సు తీసేశాక ల్యాబ్‌కి వెళ్ళడానికి దాన్ని బయటికి తీశాను. ఒకరోజు సాయంత్రం తిరిగి వస్తూ మా వీధి మలుపు దగ్గర తిరగలేదు. ఏమీ అనుకోలేదు, నిర్ణయించుకోలేదు, ఊరికే తిరగలేదు అంతే. తిన్నగా ఆరు కిలోమీటర్లు పోయి, ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగి, వెనక్కి వచ్చాను. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు నేనెక్కడున్నానో ప్రపంచంలో ఒక్కరికీ తెలీదు. పెళ్ళయ్యాక అలాంటి నలభై నిమిషాలు నాకు అదే మొదలు. ఇంటికొచ్చాక ఆలస్యమెందుకైందని అడిగితే టైరు పంక్చరైందన్నాను. ఆ తర్వాత నా టైరు వారానికి రెండుసార్లు పంక్చరయ్యేది.

నిజంగా పంక్చరైన రోజున చైనక్క పరిచయమైంది. ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. సైకిల్ షాపు ఆవిడదే. గోళ్ళ కింద గ్రీజు, చెవి వెనక పెన్సిలు. చైన్లు బిగించే అక్క కాబట్టి ఊళ్ళో సైకిలు తొక్కేవాళ్ళంతా ఆవిణ్ణి చైనక్క అనే పిలుస్తారు. లైట్‌హౌస్ ప్రయాణం సంగతి చెప్పింది, నా పేరు రాసేసుకుంది కూడా ఆవిడే. నలభై దగ్గర వెనక్కొచ్చేశానని చెబితే చక్రం తిప్పడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"పొద్దున్నే ఏం తిన్నావ్?"

"టీ తాగానక్కా."

"తిన్నావా అంటే తాగానంటావేంటి? దార్లో?"

"మూడు ఖర్జూరాలు."

"పిచ్చుకక్కూడా చాలవు. ఇదిగో, సైకిల్‌కి చైనుంది, బ్రేకుంది, గాలుంది. ఇంజనేదీ? నువ్వే. పొయ్యిలో కట్టె పెట్టకుండా ఎసరు మరగమంటే మరుగుతుందా?" ఆవిడ చెవి వెనకనుంచి పెన్సిలు తీసి అట్టముక్క మీద రాసిచ్చింది. బయల్దేరడానికి గంట ముందు కడుపునిండా. తర్వాత ముప్పావుగంటకోసారి గుప్పెడు. ఉడికించిన బంగాళాదుంప, అరటిపండు, ఖర్జూరం, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు. "ఒక్కటే గుర్తు పెట్టుకో. ఆకలేసినప్పుడు తినడం ఇంట్లో. రోడ్డు మీద ఆకలెయ్యకముందే తినాలి. ఆకలేసిందంటే అప్పటికే నీ బండి ఆగిపోయినట్టు."

నేను తల ఊపాను. కానీ ఆవిడ ఒకటి తప్పుగా అనుకుంది. ఇంట్లో కూడా నేను ఆకలేసినప్పుడు తినను. మిగతావాళ్ళ ఆకలి అయిపోయినప్పుడు తింటాను. ఆయన తిని, అత్తగారు తిని, అమ్మాయి తిని, బల్ల తుడిచి, ఇంక ఎవరూ ఏమీ అడగరని ఖాయమయ్యాక, వంటింటి గట్టు దగ్గర నిలబడి, గిన్నె అడుగున ఏముంటే అది. దాన్ని నేనెప్పుడూ కష్టమనుకోలేదు. నాకెవరూ నేర్పలేదు కూడా. మా అమ్మ అలా తినేది, అంతే. ఆకలి రుచెరుగదంటారు కదా, నా ఆకలి టైము కూడా ఎరగదు. ఎప్పుడు పిలిస్తే అప్పుడొస్తుంది, కూర్చోమంటే మూలన కూర్చుంటుంది. చెప్పిన మాట వినే ఆకలి.

ల్యాబ్‌లో నా పని రక్తం తియ్యడం. పొద్దున ఏడింటికల్లా జనం వరసలో కూర్చుని ఉంటారు. చేతికి రబ్బరు పట్టీ కట్టి, నరం దొరికేదాకా వేలితో తడిమి, సూది దింపేముందు ప్రతి ఒక్కర్నీ అదే ప్రశ్న అడుగుతాను. "ఏమీ తినకుండానే వచ్చారు కదా?" కొందరు విసుక్కుంటారు. పన్నెండు గంటలు కడుపు మాడ్చుకోవాలంటే మాటలా అంటారు. నేను సారీ చెబుతాను. చైనక్క అట్టముక్క ఇచ్చిన మర్నాడు, పదకొండింటికి వరస ఖాళీ అయ్యాక, నా వేలే పొడుచుకుని షుగరు చూసుకున్నాను. యాభై ఎనిమిది. ఆ అంకె వేరేవాళ్ళదైతే పరుగున డాక్టరుగారికి ఫోన్ చెయ్యాలి, వాళ్ళని కూర్చోబెట్టి చక్కెర నీళ్ళు పట్టాలి. నాది కాబట్టి ఆ స్ట్రిప్పు చెత్తబుట్టలో పడేశాను. అప్పుడే డాక్టరుగారు తలుపు తీశారు. ఆయన పుట్టినరోజు, కేకు వచ్చింది. "మీరు కొయ్యండమ్మా, మీ చెయ్యి పడితే అందరికీ సమానంగా వస్తుంది," అన్నారు. పదిహేడు ముక్కలు కోశాను. ఉన్నది పద్దెనిమిది మందిమి.

మిగిలిన మూడు వారాలు నేను దొంగలా బతికాను. సరుకు దాచడానికి చోటు కావాలి. ఫ్రిజ్ పనికిరాదు. వంటింటి అలమర పనికిరాదు, మా అత్తగారికి అందులో ప్రతి డబ్బా బరువు కూడా తెలుసు. చివరికి దొరికింది. ఉతికి మడత పెట్టాల్సిన బట్టల బుట్ట. బ్యాంకు లాకరు కూడా అంత భద్రంగా ఉండదు. మా ఇంట్లో నేను తప్ప దాని జోలికి ఎవరూ రారు. దుప్పట్ల కింద ఖర్జూరాలు, వేయించిన వేరుశెనగలు నెల రోజులున్నా అడిగే దిక్కులేదు.

ఆయనకి నా మీద కోపం లేదు. అదే ఇబ్బంది. "వంద కిలోమీటర్లెందుకు? లైట్‌హౌస్ చూడాలంటే ఆదివారం కార్లో నేనే తీసుకెళ్తాను, రెండు గంటల్లో వచ్చేద్దాం," అన్నారు ప్రేమగానే. చూడాలని కాదండీ, చేరాలని అని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే రెంటికీ తేడా ఏమిటని అడుగుతారు.

అత్తగారు మాత్రం తేల్చేశారు. "మా రోజుల్లో మేమూ తిరిగాం అమ్మాయ్. రెండు బిందెలతో, నీళ్ళ కోసం. మాకెవరూ నంబర్లు కట్టలేదు, పతకాలూ వెయ్యలేదు."

నేను నవ్వేశాను. కానీ ఆవిడ నవ్వలేదు. రెండు బిందెలు మోసొచ్చిన రోజుల్లో ఆవిడ ఎప్పుడు తినేవారో నాకు తెలుసు. ఇప్పుడు మొదటి కంచం ఆవిడదే. నలభై ఏళ్ళు ఆగితే వచ్చిన వంతు అది. నా సైకిల్ వల్ల ఆ వంతు ఎక్కడ పోతుందోనని ఆవిడ భయం.

మా అమ్మాయి తన పాత డిజిటల్ వాచీ నా మణికట్టుకి కట్టింది. "ముప్పావుగంటకోసారి మోగేలా పెట్టానమ్మా. మోగగానే తినెయ్. ఎవరు చూస్తున్నా సరే."

ఆ ఆదివారం నాలుగింటికి లేచాను. అన్నం వండి, రెండు కూరలు చేసి, బల్ల మీద మూతలు పెట్టి, కంచాలు, గ్లాసులు, గరిటెలు సర్ది, అత్తగారి మాత్రలు చిన్న గిన్నెలో వేశాను. నా కోసం నాలుగు బ్రెడ్డు ముక్కలు కాల్చి, పక్కన అరటిపండు పెట్టుకుని, స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి ఆయన లేచి ఉన్నారు. నన్ను సాగనంపడానికి ఆదివారం పూట ప్రత్యేకంగా లేచారు. టీ తాగుతూ బ్రెడ్డు తింటున్నారు.

"ఎంత బాగా కాల్చావ్," అన్నారు. "నువ్వు తినవా?"

టైము ఐదున్నర. మళ్ళీ కాల్చాలంటే పది నిమిషాలు. అరటిపండు వైపు చెయ్యి చాచబోతుంటే, "అది అమ్మకుంచు, మాత్ర వేసుకునే ముందు తింటుంది," అన్నారు.

"నేను తర్వాత తింటాను," అన్నాను.

ఆ మాట నేను అనలేదు. నోరే అనేసింది. రోజూ అనే మాట కదా.

ఆరింటికి నలభై రెండు సైకిళ్ళు బయల్దేరాయి. వెనకాల చైనక్క వ్యాను. పొద్దుటి గాలి చల్లగా ఉంది. మొదటి ఇరవై కిలోమీటర్లు నా కాళ్ళు నావి కావన్నంత తేలిగ్గా తిరిగాయి. రోడ్డు రెండు వైపులా గోదాములు, తర్వాత పొలాలు, తర్వాత ఏమీ లేదు. వాచీ మోగింది. ఒక చేత్తో సంచిలోంచి ఖర్జూరం తీసి నోట్లో వేసుకున్నాను. ఎవరూ చూడలేదు. అయినా సిగ్గేసింది. అందరి ముందూ, అందరికంటే ముందు తినడం ఏదో బట్టలు విప్పినట్టుంది. రెండోది తియ్యలేదు.

ముప్పై అయిదో కిలోమీటరు దగ్గర కల్వర్టు మీద అందరూ ఆగారు. నేను సంచి దించి డబ్బా మూత తీశాను. ఆరు బంగాళాదుంపలు ఉప్పు చల్లి, నాలుగు అరటిపళ్ళు, వేరుశెనగలు, ఖర్జూరాలు. పక్కన కూర్చున్న కుర్ర ఇంజనీర్లు నలుగురూ చూశారు. చూడ్డమే. ఒక్కరూ అడగలేదు. నా చెయ్యి డబ్బాని వాళ్ళ ముందుకి జరిపింది.

"అబ్బ, బంగాళాదుంప. ఎలా తట్టింది ఆంటీ మీకు?"

"మా అమ్మ కూడా ఇంతే, ఎక్కడికెళ్ళినా డబ్బాతోనే."

"ఒరేయ్, క్యాంటీన్ ఇక్కడుంది, రండ్రా."

పేరు ఖాయమైంది. క్యాంటీన్ ఆంటీ. జనం చేరారు. ఒక బ్యాంకు మేనేజరు, ఒక మొగుడూ పెళ్ళాల జంట. నేను పంచాను. ఎవరికి పెద్ద ముక్క, ఎవరికి చిన్న ముక్క అని చూసి, ఉప్పు తక్కువైనవాళ్ళకి ఉప్పు చల్లి. వాచీ మోగింది. చేతులు ఖాళీ లేవు. మోచేత్తో నొక్కి ఆపేశాను.

"మీరు తినరా ఆంటీ?" ఒకడు నోటినిండా అడిగాడు.

"నేను తర్వాత తింటాను."

నన్ను ఎవరూ మోసం చెయ్యలేదు. ఎవరూ లాక్కోలేదు. పొద్దున ఎనిమిదిన్నర వెలుతురులో, నలుగురి ముందు, నవ్వుతూ, నా ఇంధనం నేనే పంచేశాను. బాగుందని వాళ్ళంటుంటే నిజంగానే కడుపు నిండినట్టనిపించింది. ఆ నిండడం ఏమిటో నాకు తెలుసు. దానికి స్ట్రిప్పులో అంకె రాదు. లైట్‌హౌస్ దగ్గర ఫొటోలు దిగారు. నేను చేరాను కూడా. దాని గోడ మీద అరచెయ్యి ఆనించాను, వెచ్చగా ఉంది. బ్యాంకు మేనేజరుకి పిక్క పట్టేస్తే నా ఉప్పు చక్కెర నీళ్ళు పట్టాను. డబ్బా అడుగున బంగాళాదుంప పొడి మిగిలింది. వేలితో గీకి తిన్నాను. ఇంట్లో తిన్నట్టే.

డెబ్బై ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఒక ఎత్తుంది. పెద్దదేం కాదు, కార్లో వెళ్తే తెలియను కూడా తెలీదు. దాని మొదట్లో నా చేతివేళ్ళు వణకడం మొదలైంది. చల్లటి చెమట. తర్వాత పెదాల చుట్టూ తిమ్మిరి. నేను రోజూ చూసే లక్షణాలే. వరసలో కూర్చున్నవాళ్ళలో ఒకరికి ఇలా అయితే దూరం నుంచే పోల్చేస్తాను. కాళ్ళకి తొక్కమని చెప్పాను. వినలేదు. ఇన్నేళ్ళుగా చెప్పిన మాట విన్న ఒళ్ళు, మొదటిసారి నా మాట వినలేదు. సైకిల్ నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, పక్కకి ఒరిగింది. కంకర మీద కూర్చున్నాను. పడ్డానని కూడా అనలేను.

ఇంజనీర్లు నలుగురూ నా పక్కనుంచే వెళ్ళారు. నా బంగాళాదుంపల బలంతో ఎత్తు ఎక్కేస్తున్నారు.

"రండి ఆంటీ, ఇంకెంత, ఇరవై రెండే."

మంచిపిల్లలు. నేను చెయ్యి ఊపాను.

వ్యాను వచ్చి ఆగింది. చైనక్క దిగి ముందు నా మొహం, తర్వాత ఖాళీ డబ్బా చూసింది. ఎవరు తిన్నారని అడగలేదు. సీటు కింద నుంచి ఒక అరటిపండు తీసి నా చేతిలో పెట్టింది. ఒలిచాను. రెండుగా విరిచాను. ఒక సగం ఆవిడ ముందుకి చాచాను.

ఆవిడ తీసుకోలేదు. నా చేతినే చూస్తూ నిలబడింది.

"ఏంటిది?" అంది చివరికి.

నాకూ అప్పుడే కనబడింది. కళ్ళ ముందు రోడ్డు అలల్లా ఊగుతోంది, నడుం నిలవడం లేదు, ఆ స్థితిలో నా చెయ్యి పండు విరిచి ఎదుటివాళ్ళకి పెడుతోంది. ఆ చేతిని వెనక్కి తెచ్చుకోవాలనుకున్నాను. రాలేదు. గాల్లో అలాగే ఉండిపోయింది. చైనక్కే నా మణికట్టు పట్టుకుని, ఆ సగాన్ని నా నోటి దగ్గరికి తెచ్చింది.

"తిను. ఇంకా ఒప్పుకోకపోతే నేను తినిపించాలి. నాకు చేతినిండా గ్రీజుంది, నీ ఇష్టం."

తిన్నాను. ఏడుపొచ్చింది. వ్యానెక్కితే లెక్కలోంచి తీసేస్తారు, అది రూలు. ఆవిడ హ్యాండిల్ నుంచి నలభై ఒకటో నంబరు విప్పి నా ఒళ్ళో పెట్టి, సైకిల్ పైకెత్తి కట్టేసింది. దిగేటప్పుడు అంది. "కాళ్ళు బానే ఉన్నాయమ్మా నీకు. వచ్చే నెల మళ్ళీ ఉంది."

ఇంటికొచ్చేసరికి రెండు దాటింది. ఆయన సోఫాలో పడుకుని టీవీ చూస్తున్నారు. "అయిపోయిందా? వందా పూర్తి చేశావా?" అన్నారు. లేదన్నాను. "నేను చెప్పలా? పోన్లే, మోజు తీరింది కదా," అన్నారు. ఆ గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే ఓదార్పు. అత్తగారు గదిలో గురక పెడుతున్నారు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. నేను లేకపోతే ఇల్లు ఆగిపోతుందనుకున్నాను. ఏమీ ఆగలేదు. నాకది కొంచెం చిన్నతనంగా, కొంచెం హాయిగా కూడా అనిపించింది.

వంటింట్లోకి వెళ్ళాను.

మా అమ్మాయి గట్టు దగ్గర నిలబడి ఉంది. భుజం మీద తువ్వాలు. సింకులో రెండు కంచాలు కడుగుతోంది. బల్ల తుడిచేసి ఉంది. మాత్రల గిన్నె ఖాళీ.

"నాన్నకీ నానమ్మకీ పెట్టేశానమ్మా. నానమ్మకి పెరుగు చాలలేదంటే తోడు వేశాను కూడా," అంది, మెప్పు కోసం చూస్తూ. గిన్నె అడుగున ఒకరికి సరిపడా అన్నం, గరిటెడు కూర.

"నువ్వు తిన్నావా?"

"నేను తర్వాత తింటాను. నువ్వొస్తావు కదా, నీకు చాలదేమోనని. నాకంత ఆకలి లేదులే."

సబ్బు నురగలో దాని వేళ్ళు వణుకుతున్నాయి. చూడగానే పోల్చాను. గొంతు నాది. ఆ 'లే' కూడా నాదే. నేను ఒక్క పూట లేచి వెళితే, నా చోటు ఖాళీగా లేదు. అందులో ఇది నిలబడి ఉంది. ఎవరూ నిలబడమనలేదు. నేనూ నేర్పలేదు. పద్నాలుగేళ్ళు నన్ను చూసింది, అంతే. ఎవరు చూస్తున్నా సరే తినెయ్యమని నాకు చెప్పిన పిల్ల.

కుళాయి కట్టేశాను. రెండు కంచాల్లో సగం సగం పెట్టాను. వంటింట్లో కాదు, బల్ల దగ్గర.

"నువ్వు తిను ముందు," అంది.

"నువ్వు తిను," అన్నాను.

ఇద్దరం చేతులు కంచంలో పెట్టి, ఒకరి కోసం ఒకరం ఆగి కూర్చున్నాం. ఎవరం మొదలుపెట్టాలో తెలీలేదు. ఇంత తెలివితక్కువతనం లోకంలో ఉంటుందా అనిపించింది. అప్పుడు నా చేతికున్న వాచీ మోగింది. ఆపడం మర్చిపోయాను. అమ్మాయి నవ్వింది. నేను ముద్ద కలిపి, ఆకలితో ఉన్న నా బిడ్డ ఎదురుగా, దానికంటే ముందు, నా నోట్లో పెట్టుకున్నాను. నెమ్మదిగా నమిలాను. అది చూస్తోంది. చూడనిచ్చాను. తర్వాత అది కూడా తినడం మొదలుపెట్టింది. ఎంత ఆబగా తింటోందో, ఆకలి లేదన్న పిల్ల.

హాల్లో టీవీ ఆగింది. ఆయన గుమ్మంలోకి వచ్చి ఒళ్ళు విరుచుకున్నారు.

"ఓ కప్పు టీ పెడతారా ఎవరైనా?"

నన్ను చూసి అడగలేదు. దాన్ని చూసి అడగలేదు. ఎవరైనా అన్నారు. దాని కుర్చీ కిర్రుమంది. లేవబోతోంది. నా కాళ్ళు కూడా, సైకిల్ మీద కదలనని మొండికేసిన అవే కాళ్ళు, లేవడానికి సిద్ధమైపోయాయి. నేను ఎడం చెయ్యి చాచి దాని మణికట్టు పట్టుకున్నాను. సూది దింపేటప్పుడు చెయ్యి కదలకుండా ఎలా పట్టుకుంటానో అలా.

"మేం తింటున్నామండీ," అన్నాను.

"అదే, తిన్నాకే పెట్టండి. తొందరేం లేదు," అన్నారాయన. అక్కడే నిలబడ్డారు.

నా వేళ్ళ కింద దాని నాడి కొట్టుకుంటోంది. లేవాలని చూస్తోంది ఇంకా. నేను వదల్లేదు.